వంకర కర్రకు బెజ్జం

సూరాలమ్మ పెరట్లో ఇనుప చువ్వ కాల్చి, హుక్కా గొట్టాల కర్రలకు బెజ్జాలు వేసి పిల్లల్ని సాకేది. అది ఆస్థాన వడ్రంగి వీరభద్రాచారికి కంటగింపుగా ఉండేది. ఒకరోజు రాజుగారి ఎదుటే ఆమె చేతిలో వంకర పచ్చికర్ర పెట్టాడు.

“ఈ కొస నుంచి ఆ కొసకు బెజ్జం వెయ్యి. చేతకాకపోతే ఈ పని మానెయ్యి!”

ఆమె కర్రను తిప్పి తిప్పి చూసింది. తిన్నని చువ్వ వంకరలో ఎలా దూరుతుంది? ఇంటికెళ్ళి, ఉడుకుతున్న అన్నం కుండ ముందు చాలాసేపు కూర్చుంది.

మర్నాడు ఆ వంకర గొట్టంతో రాజుగారు పీలిస్తే పొగ హాయిగా వచ్చింది.

“చువ్వనెలా వంచావే?” ఆచారి నోరెళ్ళబెట్టాడు.

“చువ్వనెందుకు వంచుతాను బాబూ? కుండ ఆవిరికి కర్రను మెత్తబరిచి తిన్నగా చేశాను. బెజ్జం పడ్డాక, మళ్ళీ మీరిచ్చినట్టే వంచాను.”

రాజుగారు నవ్వారు. “ఆచారీ, ఇక ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనీ.”