పద్నాలుగో బోల్టు

గిరిపురం సంస్థానంలో రాజావారి పాత కారుకు గేర్లు వాటంతట అవే మారేవి. ఒకనాడు మారడం మానేశాయి. కొత్త ఇంజనీరు భుజంగరావు కారు కిందికి తొంగిచూడకుండానే, ముందున్న పేరుపలక చదివి గేరుపెట్టె ఏ రకమో చెప్పేశాడు. విప్పి బాగుచెయ్యడానికి ఆ రకం సామాను తెప్పించమన్నాడు.

"అది ఆ రకం కాదండీ. ఎవరో ఎప్పుడో పెట్టె మార్చేశారు," అన్నాడు ముసలి మెకానిక్ పైడయ్య.

దివాను విసుక్కున్నాడు. "నీకు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆయనకు కార్ల పుస్తకమంతా కంఠస్థం. నీ మాట తప్పైతే షెడ్డు తాళాలు ఆయనకిచ్చి ఇంటికి పో."

పైడయ్య వంగి కారు కిందికి చూశాడు. మరుపు మాట నిజమే. కానీ కళ్లెదుట ఉన్నదానికి జ్ఞాపకంతో పనేముంది?

"ఇంజనీరుగారూ, మీరు చెప్పిన రకం పెట్టెకు అడుగున నూనె పళ్లేనికి బోల్టులెన్నండీ?"

"పద్నాలుగు!"

దివాను స్వయంగా వంగి లెక్కపెట్టాడు. పదమూడే ఉన్నాయి.

"ఒకటి దారిలో ఊడిపోయుంటుంది," అన్నాడు భుజంగరావు తడుముకోకుండా.

"ఊడితే ఊడింది బాబూ. అది దూరిన కన్నం చూపించండి, చాలు."

భుజంగరావు కోటుతోనే కారు కిందికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"పైడయ్యా, ఏ సామాను కావాలో నువ్వే రాయించు," అన్నాడు దివాను. "ఈలోగా ఆయన్ని వెతుక్కోనీ."