ఏడు గడియల తలుపు

విరూపయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, కథ చెబుతారు. అందులో ఏనుగులు తక్కువైతే మరో రెండు తోలుకొస్తారు, గోడ పొట్టిగా అనిపిస్తే నాలుగు నిలువులు లేపుతారు. ఆ రోజు ఆయన పర్ణశాల గుమ్మానికి అడ్డంగా చింతపండు గంప పెట్టుకుని గింజలు తీస్తున్నారు. కోనప్ప వచ్చి గుమ్మం అవతలే నిలబడిపోయాడు. వరదలో ఏరు ఈదానని తోటి శిష్యుల ముందు వాడు కోసిన కోత ఇప్పుడు వాడి మెడకే చుట్టుకుంది. రేపు మళ్ళీ ఈది చూపించమని వాళ్ళు పట్టుబట్టారు. ఏటికి ఈసారి నిజంగానే వరదొచ్చింది.

"గురువుగారూ, ఈ గొప్పలు చెప్పే నాలుకను ఏం చేసుకోమంటారు? కోసి పారేయమంటారా?"

గురువుగారు ఒక గింజను దూరంగా విసిరి, మబ్బులదుర్గం సంగతి ఎత్తుకున్నారు.

మబ్బులదుర్గం మామూలు రాజ్యం కాదు. అక్కడివాళ్ళు మబ్బుల్ని గేదెల్లా గుంజలకు కట్టేసి, పొద్దునొకసారి సాయంత్రమొకసారి వాన పితుక్కునేవారు. చీపుర్లు వాటంతటవే ఊడ్చేవి. ఎవరైనా ఒక మాటంటే మాత్రం అలిగి మూల చేరేవి. కోటగోడకు నిచ్చెన వేస్తే అది చక్కిలిగింత పెట్టినట్టు ఒళ్ళు విదిలించి అవతల పడేసేది. దాని మీదికి బాణం వేస్తే మధ్యలోనే పిచ్చుకై ఎగిరిపోయేది. ఇక ఆ కోటకున్న ఒకే ఒక తలుపు గురించి చెప్పాలి. ఏడు ఏనుగులు నెట్టినా కదలదు, తొమ్మిది నెట్టినా అంతే. దానికి మాటొచ్చు, అదీ ముసలమ్మ మాట. బయటికి వెళ్ళేవాళ్ళను ఏమీ అడగదు. లోపలికి రావాలంటే మాత్రం "ఏం చేసొచ్చావు నాయనా?" అంటుంది. నిజం చెబితే ఒక గడియ లేస్తుంది, అబద్ధం చెబితే ఒక గడియ పడుతుంది. మామూలుగా వేసి ఉండేది ఒకటే, మొత్తం మీద ఏడు. కట్టెలకెళ్ళిన ఆడవాళ్ళు పక్క చేలో రెండు దోసకాయలు కోశామని చటుక్కున ఒప్పేసుకుని లోపలికొచ్చేవారు. గుమ్మంలో చెప్పిన మాటను ఊళ్ళో ఎవరూ మళ్ళీ ఎత్తకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఆ ఊరి మహావీరుడు గజ్జెల భల్లయ్య. పద్నాలుగు బిరుదులు, కాలికి గండపెండేరం, చెవుల దాకా మీసం. ఒంటి చేత్తో ఏనుగునెత్తానంటాడు, వినేవాళ్ళు నమ్మినట్టు కనిపిస్తే రెండో చేతిలోనూ ఒకటుందంటాడు. ఇంతటి మహావీరుడు ముప్పై ఏళ్ళుగా కోట దాటి అడుగు బయట పెట్టలేదు. ఎందుకని అడిగితే, తాను పోతే మిమ్మల్ని కాచేదెవరని ఎదురడిగేవాడు. అసలు కారణం ఆ తలుపేనని అతనొక్కడికే తెలుసు.

అలాంటి సమయంలో వానల్లేని బయలుసీమ నుంచి సింగమదొర దండెత్తి వచ్చాడు, మబ్బులన్నీ తోలుకుపోవడానికి. రాజుగారు భల్లయ్యను పిలిచి, వెళ్ళి శత్రువు సంగతేమిటో చూసి రమ్మన్నారు. పద్నాలుగు బిరుదులున్నవాడు కాదని ఎలా అంటాడు? డప్పులు మోగాయి, ఆడవాళ్ళు హారతులిచ్చారు, తలుపు నోరు మెదపకుండా తెరుచుకుంది.

శత్రువు గుడారాలు కనబడగానే భల్లయ్య పక్కనున్న ఆముదపు చేలో దూరాడు. అదే చేను గట్టు మీద సింగమదొర తన మంత్రితో నవ్వుతూ అంటున్నాడు: "బాణాలెందుకయ్యా, నిచ్చెనలెందుకు? ఆ తలుపు అడిగేది నిజం. మిమ్మల్ని దోచుకోవడానికి వచ్చానంటాను. అందులో అబద్ధమేముంది?"

మబ్బులదుర్గం వాళ్ళు నూరు తరాలుగా, దొంగ అనేవాడు అబద్ధమే చెబుతాడని నమ్ముకుని హాయిగా నిద్రపోయారు. నిజం చెప్పే దొంగ వస్తాడని ఒక్కరికీ తట్టలేదు. ఆ గడియలను చేత్తో వేసే వీలైనా లేదు. భల్లయ్య పరుగు లంకించుకున్నాడు. ఎంత పరుగంటే, కాలి నుంచి ఊడిన చెప్పు వెంటబడి వచ్చి, అతను కోట చేరిన చాలాసేపటికి పక్కన పడింది.

గోడ మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. వెనక సింగమదొర దండు రేపిన దుమ్ము దగ్గరవుతోంది.

"ఏం చేసొచ్చావు నాయనా?" అంది తలుపు.

ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? వెయ్యిమందిని నరికి వచ్చానన్నాడు. ఠంగున గడియ పడింది. వంద అన్నాడు, ఇంకొకటి పడింది. సంతలో బేరంలా పదికి దిగాడు, అయిదుకు దిగాడు, చివరికి ఒక్కణ్ణయినా బెదరగొట్టానన్నాడు. ముందే ఉన్నదానితో కలిపి ఆరు గడియలయ్యాయి. పైన ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనుకున్నాడు భల్లయ్య. వెనక్కి చూస్తే దుమ్ములోంచి గుర్రాల చెవులు కనబడుతున్నాయి.

అతను కత్తిని నేల మీద పెట్టాడు.

"ఆముదపు చేలో దాక్కున్నాను," అన్నాడు. ఒక గడియ లేచింది.

ఒళ్ళంతా వణికిందన్నాడు. రెండోది లేచింది. ఆ కత్తి తుప్పు పట్టి ఒరలోంచి రావడం మానేసి చాలా ఏళ్ళయిందని చెప్పాడు. ఏనుగును ఎత్తలేదనీ, ఎత్తడం అటుంచి ఏనుగంటేనే తనకు భయమనీ చెప్పాడు. గండపెండేరం ఎవరూ ఇచ్చింది కాదు, తానే చేయించుకుని తొడుక్కున్నానన్నాడు. అయిదు గడియలు లేచాయి. ఇంకొకటి మిగిలింది. తలెత్తి గోడ మీది జనాన్ని చూశాడు.

"ఇకమీదట మీరు నా కథలు వినరేమోనని, చావు కన్నా దానికే ఎక్కువ భయంగా ఉంది."

"రా నాయనా," అంది తలుపు.

లోపలికి రాగానే ఒక ముసలామె చెంబుతో నీళ్ళిచ్చింది. విన్నదంతా అతను రాజుగారికి చెబుతుండగానే సింగమదొర వచ్చి గుమ్మం ముందు నిలిచాడు. దోచుకోవడానికి వచ్చానని నిదానంగా, స్పష్టంగా చెప్పాడు. ఎప్పటిలా మళ్ళీ పడి ఉన్న ఒక్క గడియా లేచింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆస్థానంలోని నలభైమంది మంత్రగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

భల్లయ్య చెంబు కింద పెట్టి గోడెక్కాడు. కింద దొర మీసం తిప్పుతున్నాడు. ఆ తిప్పే తీరు భల్లయ్య ముప్పై ఏళ్ళుగా అద్దంలో చూస్తున్నదే. కోటలోపలి మాటలను తలుపు పట్టించుకోదు కదా, ఆ ధైర్యంతో గొంతు సవరించుకున్నాడు.

"దొరా, తమ వెంట మూడు వందలమందేనా? మా మేనత్త పెళ్ళికి వంటవాళ్ళే అంతకన్నా ఎక్కువ వచ్చారే."

దొర మీసం అదిరింది. "మూడు వేలు. మిగతావాళ్ళు కొండ వెనక ఉన్నారు."

తలుపు ధడాలున మూసుకుంది, గడియ పడింది. భల్లయ్య తానొక పులిని చెవి పట్టుకుని ఇంటికి తెచ్చానన్నాడు. దొర రెండు పులుల్ని తెచ్చానన్నాడు. మంత్రి చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినలేదు. భల్లయ్య నదిని దాటితే దొర సముద్రాన్ని దాటాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఏడు గడియలూ పడి ఉన్నాయి.

మించిపోయింది లేదని మంత్రి చెవిలో చెప్పాడు, ఏడు నిజాలు చెబితే ఏడూ లేస్తాయని. దొర వెనక్కి తిరిగి చూశాడు. తమ దొర నోటి వెంట ఏం వస్తుందా అని మూడు వందలమందీ చెవులు రిక్కించి ఉన్నారు. పులి లేదని, సముద్రం లేదని వాళ్ళ ముందు ఎలా అనడం? చివరికి ఎండ ఎక్కువగా ఉందని చెప్పి గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. అది నిజమే కాబట్టి ఒక గడియ లేచింది. మిగతా ఆరింటి కోసం అతను ఆగలేదు.

గురువుగారు కథ ఆపి గంపలో చెయ్యి పెట్టారు. తర్వాతైనా భల్లయ్య గొప్పలు మానేశాడా అని కోనప్ప అడిగాడు. ఎక్కడ, ఆ సాయంత్రమే ముప్పై వేలమందిని తరిమానని చెప్పుకున్నాడనీ, ఊరంతా చుట్టూ చేరి విన్నదనీ, ఆముదపు చేను మాట ఒక్కరూ ఎత్తలేదనీ చెప్పారాయన.

కోనప్ప మొహం వెలిగింది. "అయితే గొప్పలు చెప్పడం తప్పేమీ కాదన్నమాట."

గురువుగారు మరో గింజ తీసి విసిరారు. "ఇంతకీ ఆ రోజు ఏట్లో నీళ్ళెంత లోతు నాయనా?" అన్నారు.

కోనప్ప వెనక్కి చూశాడు. కథ వినడానికి వచ్చిన తోటి శిష్యులందరూ వాకిట్లోనే నిలబడి ఉన్నారు. వాడు తల వంచుకుని, కాలి బొటనవేలితో మట్టి గీశాడు.

"మోకాలి దాకా," అన్నాడు. మళ్ళీ తనే, "అదీ ఒడ్డున వేరు పట్టుకుని," అన్నాడు.

గురువుగారు గుమ్మానికి అడ్డంగా ఉన్న గంపను పక్కకు జరిపారు.

"రా, లోపలికి."