కడుపులో చల్ల కదల్లేదు

గవర్రాజు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనకపోవడంతో ఆయనే రోజూ అనుకునేవాడు. ఆయన తెలివి పెద్దది, తమ్ముడు పోలయ్య తెలివి పొడుగుది. భార్య అచ్చాయమ్మ తెలివి మాత్రం పొదుపైనది, అవసరమొచ్చినా బయటికి తీసేది కాదు.

వాళ్ళకో పాత ఎస్‌యూవీ ఉంది. చూడ్డానికి ఎత్తుగా, గంభీరంగా ఉంటుంది గానీ గుంతలో పడిందంటే వెనక నుంచి గిన్నెల గంప దొర్లినట్టు లొడలొడ. హారన్ కొట్టే పని తప్పిందని గవర్రాజు సంతోషించాడు కూడా.

ఆ సంతోషం వియ్యపురాలు సూరమ్మ చెడగొట్టింది. ఆయన ఒక్కగానొక్క కూతురు మంగతాయారుకి ఏడో నెల. పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. పిల్ల రోజూ ఫోన్ చేసి "అమ్మ చేతి ముద్ద తినాలనుంది నాన్నా" అనేది, ఈయనకి ఇక్కడ కళ్ళు చెమర్చేవి. సూరమ్మేమో ఖచ్చితంగా చెప్పేసింది.

"అన్నయ్యగారూ, ఆ లొడలొడ ఆగేదాకా నా కోడల్ని మీ బండెక్కించను. గురువారం పొద్దున మంచిది. తొమ్మిది దాటితే వర్జ్యం. ఆలోగా బాగుచేయించుకొస్తే సరే, లేదంటే పురుడు ఇక్కడే."

గవర్రాజు వెంటనే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మెకానిక్ దావీదు షెడ్డుకి బండి తీసుకెళ్ళాడు. దావీదు బండిని వెనక పట్టుకుని ఊపాడు, కిందికి దూరి చూశాడు.

"వెనక బుష్‌లు పోయాయండీ," అన్నాడు.

"పోయాయా! ఎలా ఉంటాయవి?"

"నల్లగా, గుండ్రంగా, మధ్యలో చిల్లు. రబ్బరువండీ, కుదుపు పైకి రాకుండా..."

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ మిగతా మాట వినకుండా రోడ్డెక్కారు. ఇంటి దగ్గర్నుంచి సంత దాకా ప్రతి గుంతా వెతికారు. ఎదురొచ్చిన వాళ్ళందర్నీ "మా బుష్‌లు పోయాయి, చూశారా?" అని అడిగారు. మంగళవారం మధ్యాహ్నానికి ఒక తెగిన చెప్పు, సైకిలు ట్యూబు ముక్క, కాకా హోటలు వెనక దొరికిన మాడిపోయిన గారె పట్టుకొచ్చారు.

"ఇది మాత్రం అచ్చం నువ్వు చెప్పినట్టే ఉంది దావీదూ," అని గవర్రాజు గారె చేతికిచ్చాడు. "ఎవరో కాస్త కొరికారు, అంతే."

దావీదు ఆ గారెని పక్కన పెట్టాడు. "పోవడమంటే పడిపోవడం కాదండీ. అరిగిపోయాయి."

"అరిగాయా! శుభం! మా ఆవిడకి నెల్లాళ్ళుగా సున్నుండ కూడా అరగట్లేదు. నీ దగ్గర ఏం మందుందయ్యా?"

"అయ్యా," అన్నాడు దావీదు, ఓపిక కూడగట్టుకుని. "కొత్తవి కొనుక్కురండి. వాటిని వెనక కూర్చోబెడితే చప్పుడు ఆగిపోద్ది."

అంతే. కొట్టుకెళ్ళి కొత్త బుష్‌లు కొన్నారు. వెనక సీటు మీద తువ్వాలు పరిచి, వాటిని వరసగా కూర్చోబెట్టారు. కొత్తవి కదా, మొహమాటపడతాయని పోలయ్య వాటితో రెండు మాటలు కూడా మాట్లాడాడు. ఇంటికొస్తే అచ్చాయమ్మ ఒక్కోదానికీ బొట్టు పెట్టింది. బండి కదిలింది. లొడలొడ!

"కుడివైపు కూర్చున్న వాటికి ఎండ తగుల్తోంది అన్నయ్యా," అన్నాడు పోలయ్య. కుడివి ఎడమకి, ఎడమవి కుడికి మార్చారు. లొడలొడ ఇంకాస్త పెరిగింది.

"కూర్చుని కూర్చుని నడుం నొప్పెట్టుంటుందండీ, పడుకోబెట్టండి," అంది అచ్చాయమ్మ. పడుకోబెట్టి దుప్పటి కప్పారు. అప్పటికే బుధవారం మధ్యాహ్నమైంది. రేపటికి పిల్ల రాదేమోనని గవర్రాజుకి ముద్ద మింగుడు పడలేదు. మళ్ళీ దావీదు దగ్గరికి పరుగు.

దావీదు దుప్పటి తీసి చూశాడు. బొట్లు చూశాడు. జాకీతో బండి ఎత్తి, పాతవి లాగేసి, కొత్తవాటిని వాటి చోట్లలో నొక్కి దిగ్గొట్టాడు.

"జాకీ మీదుండగా బోల్టులు గట్టిగా బిగించకూడదండీ, రబ్బరు మెలిపడిపోద్ది. బండి బరువు కిందికి దిగాకే బిగించాలి. టీ తాగొస్తా, దేన్నీ ముట్టుకోకండి."

"బరువు దింపాలన్నాడు, ముట్టుకోవద్దన్నాడు. ఎలా అన్నయ్యా?" అన్నాడు పోలయ్య.

తెలివి ఇలాంటప్పుడే పనికొచ్చేది. ఇద్దరూ చేతులకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. దావీదు వచ్చేసరికి సీట్లు, స్టెప్నీ టైరు, రెండు తలుపులు నేల మీద ఉన్నాయి.

"చాలా బరువు దింపేశాం దావీదూ. ఒక్క పైకప్పే రానంటోంది. ఏదీ ముట్టుకోలేదు, నీ మీదొట్టు!"

దావీదు వెనక్కి తిరిగి వెళ్ళి ఇంకో టీ తాగాడు. తరవాత ఇద్దర్నీ ఇంటికి పంపేసి, అన్నీ బిగించి, పొద్దుగూకే వేళకి బండి తనే తెచ్చి గుమ్మంలో పెట్టాడు. లొడలొడ లేదు, కిర్రుమనడం లేదు.

"ఇక మీరు వెనక్కి చూసుకోనక్కర్లేదు. అమ్మాయిగారిని కడుపులో చల్ల కదలకుండా తీసుకురండి," అని, డబ్బు లెక్కపెట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున అన్నదమ్ములు వియ్యాలవారింటికి చేరారు. సూరమ్మ బండిని ఊపి చూసింది. చప్పుడు లేదు. ఆవిడ మొహం విప్పారింది. "తొమ్మిదయ్యేసరికి బండి మా గుమ్మం దాటాలి, అన్నయ్యగారూ," అని గుర్తుచేసింది.

మంగతాయారు సంచీ పట్టుకుని నవ్వుతూ వచ్చింది. గవర్రాజుకి ఉన్నట్టుండి సందేహమొచ్చింది.

"అమ్మాయ్, పొద్దున చల్ల తాగావా?"

"లేదు నాన్నా."

"మరి కడుపులో చల్ల కదలకూడదంటే ముందు చల్లుండాలి కదమ్మా! లోపలికెళ్ళి గ్లాసుడు తాగి రా."

పిల్లా, చల్ల పొయ్యడానికి వెనకాలే సూరమ్మా లోపలికెళ్ళారు. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ఇంకేముంది, బండి గుమ్మం దాటింది.

దారంతా మెత్తగా పోయింది. గుంతలో దిగినా తెలియలేదు. వెనక్కి చూసుకోనక్కర్లేదని దావీదు చెప్పాడు కాబట్టి గవర్రాజు మెడ తిప్పకుండానే "అమ్మాయ్, చల్ల కదిలిందా?" అని మాటిమాటికీ అడిగాడు. జవాబు రాలేదు.

"కదిలితే చెప్పేది కదా," అన్నాడు పోలయ్య.

ఇంటి ముందు అచ్చాయమ్మ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. వెనక తలుపు తీసింది. "ఏవండీ, అమ్మాయేదీ?"

"వెనకే ఉంది," అన్నాడు గవర్రాజు, ముందుకే చూస్తూ.

"లేదండీ!"

"ఉంటుందే. చల్లే కదల్లేదంటే అమ్మాయెక్కడికి కదుల్తుంది?"

అప్పుడే ఫోన్ మోగింది. "నాన్నా!" అంది అటునుంచి మంగతాయారు. "చల్ల తాగి వచ్చేసరికి బండే లేదు!"

"అది సరేనమ్మా. చల్ల కదిలిందా?"

"ఎలా కదుల్తుంది నాన్నా? నేనింకా గుమ్మంలోనే నించునున్నాను!"

గవర్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "విన్నావా అచ్చాయమ్మా! ఇంత దూరమొచ్చినా ఒక్క చుక్క కదల్లేదట!" అని, అచ్చాయమ్మ ఖాళీ సీటుకి హారతి తిప్పుతుంటే, ఫోన్‌లో ప్రేమగా అన్నాడు.

"ఇక దిగమ్మా, ఇల్లొచ్చేసింది. మీ అమ్మ హారతి పట్టుకుని ఎంతసేపు నిలబడుతుంది?"