తాబేలు వీపు కొలత

ఆ బకెట్టు అక్కడ పెట్టండర్రా! గాజుతొట్టిలో చేపలు ఎక్కడికీ పారిపోవు. ముందు ఈ కథ వినండి.

అనగనగా ఒక అడవిలో ఒక కొండ. అదెంత ఎత్తంటే, మబ్బులు దాని మోకాళ్ల దాకా కూడా వచ్చేవి కావు. ఆ కొండ మీద ఒక దొన ఉండేది. దొన అంటే బండరాతిలో నీళ్లు నిలిచే గుంట. ఒక వానాకాలం వాగు పొంగి దొనలోకి వచ్చింది. వాగుతోపాటు పరిగెమ్మ అనే చిన్న చేప, దాని పదిహేడు మంది పిల్లలూ వచ్చారు. వాగు వెనక్కి తగ్గింది. చేపలు దొనలో ఉండిపోయాయి. మళ్లీ వాగు పొంగేదాకా వాటికి ఆ దొనే ఇల్లు.

చలికాలం గడిచింది. చేపలు అందులోనే తిన్నాయి. తిన్న తర్వాతి పని కూడా అందులోనే కానిచ్చాయి. నవ్వకండి, చేపలకు వేరే గది ఎవరు కట్టిస్తారు? నీళ్లు చిక్కబడ్డాయి. వాసన లేచింది. మూడు అడవుల అవతల నిద్రపోతున్న పులి ఆ వాసనకు లేచి పదకొండుసార్లు తుమ్మింది. పిల్లచేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి ఆయాసపడసాగాయి.

పరిగెమ్మ దొనలోని ముసలి తాబేలు దగ్గరికి వెళ్లింది.

"చిప్పతాతా, పిల్లలకు ఊపిరాడటం లేదు. వానలకు ఇంకా మూడు నెలలుంది. ఏం చెయ్యను?"

"నీళ్లు మార్చాలి," అంది తాబేలు. "అది సింగారమ్మ వల్లే అవుతుంది."

సింగారమ్మ ఒక ఏనుగు. శుభ్రమంటే దానికి ప్రాణం. రోజుకు నలభైసార్లు స్నానం చేసేది. తన నీడ మట్టిలో పడితే ఆ నీడనూ కడిగేది. ఎండకాలం గుంట ఎండిపోయి బురద దొరక్క తిరిగే అడవిపంది ఎదురైతే, "ఛీ, మురికోడా, అవతలికి పో. గాలి నావైపు వీస్తోంది," అనేది. అయితే మనసు మంచిదే. పిలవగానే వచ్చింది.

చిప్పతాత చెప్పాడు. "వారానికొక్కసారి చాలమ్మా. కొండ కింద సంత గోల వినపడిన రోజు రా. నేను నీళ్లలోని ఈ రాతిమెట్టు మీద కూర్చుంటాను. నా వీపు బయటపడేదాకా నీళ్లు తోడు. అది పావు వంతు. అక్కడ ఆపు. వాగు నీళ్లు చల్లగా ఉంటాయి. వాటిని పక్క బండ మీది పల్లంలో పోసి ఎండకు ఉంచు. చలి విరిగాక నా వీపు మునిగేదాకా మెల్లగా పొయ్యి."

"మరి మిగతా ముప్పావు వంతు మురికో?"

"అది ఉండాలి. చేపల ఒంటికి అలవాటైన నీళ్లవి. రాళ్ల మీద జిగురు కూడా ఉండాలి. అందులో కంటికి కనపడని బుల్లి జీవులు కాపురముంటాయి. చేపల మురికిని తినేది అవే."

సింగారమ్మకు ఆ జిగురు మాట నచ్చలేదు. అయినా తలూపింది.

మొదటి సంత రోజు తాత వీపు చూసి ఆపింది. చేపలు ఆయాసం మాని ఈదాయి. రెండో సంత రోజూ అంతే. చేపలు ఆడుకున్నాయి.

మూడో సంత రోజు కొండముచ్చు కొమ్మ మీంచి తొంగిచూసింది.

"ఏం సింగారమ్మత్తా, నీడను కడిగేదానివి, ఈ పాచినీళ్లు ఉంచుకుంటావా? అడవంతా నవ్వుతోంది!"

అడవేమీ నవ్వలేదు. నవ్వింది కొండముచ్చు ఒక్కతే. కానీ సింగారమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

"తాతా, ఈ వారం మొత్తం మార్చేస్తాను. నెల రోజుల పని ఒక్కరోజులో తీరిపోతుంది."

"వద్దమ్మా! నెలకు సరిపడా అన్నం ఒక్కపూట తింటావా?"

"తింటాను," అంది సింగారమ్మ. ఏనుగు కదా, తాత తప్పు ప్రశ్న అడిగాడు.

తాతను తొండంతో ఎత్తి గట్టు మీద పెట్టింది. నీళ్లన్నీ పీల్చి, కింద ఎండిపోయిన పంది గుంటలో పోసింది. అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లలో చేపలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జిగురు రాళ్లనూ ఆ గుంటలోకే దొర్లించింది. దొన గోడలు తోమింది. తోమే ఊపులో తాతనూ తోమింది. అతని వీపు మీద మూడొందల ఏళ్ల నాచు ఊడిపోయింది. చివరికి వాగు నీళ్లు చల్లచల్లగా అలాగే కుమ్మరించింది.

దొన అద్దంలా మెరిసింది. ఆ మెరుపుకు పగటి చుక్కలు కళ్లు మూసుకున్నాయి. కొండముచ్చు చప్పట్లు కొట్టింది.

కాసేపటికి ఒక పిల్లచేప పక్కకు ఒరిగింది. తర్వాత మూడు. తర్వాత అన్నీ.

"తాతా, పిల్లలు వెల్లకిలా పడిపోతున్నారు!" అని అరిచింది పరిగెమ్మ.

"పాత నీళ్లు! పాత రాళ్లు! పరుగెత్తు సింగారమ్మా!" అన్నాడు తాత.

సింగారమ్మ పరుగెత్తింది. గుంట గట్టు మీద అడవిపంది ఒక కాలు ఎత్తి నిలబడి ఉంది. వెనక పెళ్లాం, తొమ్మిది మంది పిల్లలు వరసలో ఉన్నారు.

"కొమరయ్యా, ఆగు! కాలు పెట్టకు!"

"ఓహో, నాకో పేరుందని ఇవాళే తెలిసిందా అక్కా?"

"ఆ నీళ్లు నాకు కావాలి."

"ఏ నీళ్లు? గట్టిగా చెప్పు."

కొండముచ్చు పైనుంచి వింటోంది. సింగారమ్మ ఒక్క క్షణం దాన్ని చూసింది. తర్వాత అడవంతా వినపడేలా అరిచింది.

"మురికి నీళ్లు కావాలయ్యా! నేనే పారబోశాను, నేనే అడుగుతున్నాను. చేపపిల్లలు చచ్చిపోతున్నారు!"

కొమరయ్య ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు. "ఆ మాట ముందే అనొచ్చుగా. పట్టుకుపో. పిల్లలూ, ఇవాళ స్నానం లేదు." పందిపిల్లలు ఏడ్చిన ఏడుపుకు వాగులో నీళ్లు జానెడు పెరిగాయి.

సింగారమ్మ కొత్త నీళ్లు ముప్పావు వంతు తోడేసింది. పాత రాళ్లు తెచ్చి పెట్టింది. పాత నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది. పొద్దు వాలేసరికి చేపలు ఒక్కొక్కటీ తిన్నగా తిరిగి ఈదసాగాయి. పరిగెమ్మ లెక్కపెట్టింది. పదహారు. మళ్లీ లెక్కపెట్టింది. పదహారే. తోక మీద నల్లచుక్క ఉన్నది మాత్రం కదల్లేదు.

ఈ కథలో నేను పెంచి చెప్పినవి చాలా ఉన్నాయి. ఈ ఒక్కటీ పెంచలేదు, తగ్గించలేదు.

"నా మీద కోపం లేదా పరిగెమ్మా?" అంది సింగారమ్మ.

"వచ్చే సంత రోజు రా," అంది పరిగెమ్మ. "తాత వీపు చూసి ఆపు."

వచ్చింది. ఆపింది. ఆ తర్వాత ఒక్క సంత కూడా తప్పలేదు. తోడిన పావు వంతు నీళ్లు, "ఇదిగో కొమరయ్యా," అంటూ పంది గుంటలో పోసేది. వానలొచ్చాయి. వాగు పొంగింది. పదిహేడు చేపలు, అంటే అమ్మా పదహారు మంది పిల్లలూ, వాగులోకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు ఆ బకెట్టు తీసుకోండి. పావు వంతే తోడాలి. కొత్త నీళ్ల చలి విరిగిందో లేదో వేలు పెట్టి చూడండి.

నీతి: మంచిపనైనా కొలత ప్రకారం, తప్పకుండా, కొంచెం కొంచెంగా చెయ్యాలి. ఒక్కరోజులో అంతా కడిగేసే చెయ్యి మురికితోపాటు ప్రాణాన్నీ కడిగేస్తుంది.