బోదె మీద ఊక

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పడం సుభాషిణి గారికి అలవాటు లేదు. పాలిటెక్నిక్‌లో కంప్యూటరు పాఠం చెప్పే ఆవిడ, ప్రశ్న బరువైనదనిపిస్తే చెప్పులు వేసుకుని బయటికి నడిచేవారు.

ఆ రోజు అడిగింది ఆవిడ విద్యార్థిని కెజియా. కాలువ నీరు ఏ చేనుకు ఎప్పుడు అందుతుందో లెక్కగట్టి రైతుల ఫోన్లకు చెప్పే ప్రోగ్రాము రాసింది ఆ పిల్ల. లెక్క సరైనదే. కానీ అది తేలేలోపు నీరు వచ్చి, వెళ్లిపోతుంది కూడా. కాలువకు నీళ్లు వదిలేది వచ్చే వారమే.

"పైథాన్‌లో రాసి తప్పు చేశాను మేడం. మొత్తం సి లోకి మార్చేస్తాను. వారంలో అవుతుందంటారా?"

పైథాన్ అంటే మనం మాట్లాడుకున్నంత తేలిగ్గా రాసుకోగలిగే భాష. సి యంత్రానికి దగ్గరిది. పరుగు ఎక్కువ, రాసేవాళ్లకు చాకిరీ కూడా ఎక్కువే. తేడా అంతే గాని, ఒకటి గొప్పా ఒకటి తక్కువా కాదు.

సుభాషిణి గారు ఆమెను కాలేజీ వెనక వరహాలమ్మ పొలానికి తీసుకెళ్లారు. చెరువు నీటిని మడికి తెచ్చే మట్టి బోదెను వరహాలమ్మ తిట్టిపోస్తోంది. నారుమడి అప్పటికే బీటలు వారుతోంది.

"పైన నిండుగానే ఉంటందండీ. నా మడి కాడికొచ్చేసరికి చెంబుడు! ఈ దిక్కుమాలిన బోదె పొడుగునా సిమెంటు చేయించేస్తాను."

"అది పూర్తయ్యేదాకా నారు ఆగుతుందా?"

"నారు నా మాట ఎప్పుడిన్నదండీ!"

సుభాషిణి గారు గట్టు మీది ఊక గుప్పెడు తీసి కెజియా చేతిలో పోశారు. "నీళ్లలో చల్లి, దాని వెంట నడువమ్మా."

ఊక హుషారుగా సాగింది. కెజియా వడివడిగా నడవాల్సి వచ్చింది. తుమ్మచెట్టు దగ్గర మాత్రం అది గిర్రున తిరిగి, ఒక పక్కకు చేరి నిలిచిపోయింది. కెజియా చెయ్యి పెట్టి చూస్తే గట్టు నిండా పీత బొక్కలు. నీరంతా అవతలి మురుగు కాలువలోకి పోతోంది.

"ఓసి మీ వంశం మండ! నా నీళ్లు మీకు కావలసొచ్చాయా?" అంటూ వరహాలమ్మ బురద కొట్టి బొక్కలు పూడ్చింది. కాసేపటికి మడి తడిసింది. "ఈ బారెడు గట్టుకి సిమెంటు పూయిస్తే చాలండీ," అంది చేతులు కడుక్కుంటూ.

కెజియా తడి మడి వంక చూస్తూ నిలబడింది. "అయితే సి వద్దంటారా మేడం?"

"సిమెంటు వద్దని ఎవరన్నారమ్మా? నీ ప్రోగ్రాములో ఊక ఎక్కడ ఆగుతోందో చూసి, బస్తా అక్కడ దించుకోమంటున్నాను."