సాక్షి నక్షత్రం

కిరీటికి గ్రహం దొరికింది. ఇక వాణ్ణి పట్టేవాళ్ళెవరు! పొద్దున్నే లడ్డూల డబ్బా పట్టుకుని ప్రయోగశాలకు వచ్చేశాడు.

వేదగిరి మాస్టారి శిష్యులు కట్టిన ఉపగ్రహం బూట్ల డబ్బా అంత ఉంటుంది. భూమి చుట్టూ తిరుగుతూ ఎక్కడో దూరాన ఉన్న ఒక నక్షత్రాన్నే చూస్తుంది. ఆ నక్షత్రం ముందు నుంచి దాని గ్రహమేదైనా దాటితే వెలుగు రవ్వంత తగ్గుతుంది. ఆ రవ్వంత కోసమే ఇన్నాళ్ళూ అందరూ కాచుకుని కూర్చున్నారు. ఉపగ్రహం చూపు చెదరకుండా నిలబెట్టే భాగం కిరీటి చేతిపని.

మాస్టారి దగ్గర ఒక ఆచారం ఉంది. ఏ నక్షత్రాన్ని చూసినా దాని పక్కనున్న మరో నక్షత్రాన్ని కూడా చూడాలి. దాన్ని సాక్షి అంటారు. రెండూ ఒకేసారి మసకబారాయంటే తప్పు ఆకాశంలో లేదు, మన కంటిలో ఉందన్నమాట.

"సాక్షి కూడా మసకబారింది కదా, దాన్ని లెక్కలోంచి ఎందుకు తీసేశావు?" అని నిన్న అందరి ముందూ అడిగింది తోటి శిష్యురాలు మెహరున్నీసా.

"నీ సాక్షికి చత్వారం వచ్చినట్టుంది, కళ్ళద్దాలు కొనిపెట్టు!" అన్నాడు కిరీటి.

అందరూ పగలబడి నవ్వారు. పాపం ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ పెద్దలంతా హాల్లో కూర్చున్నారు. వాళ్ళ ముందు గ్రహం సంగతి ప్రకటించాలి. లోపలికి వెళ్ళే ముందు కిరీటి మాస్టారి కాళ్ళకు దండం పెట్టాడు.

మాస్టారు అట్టముక్క ఒకటి తీసి, పెన్సిల్ మొనతో చిన్న చిల్లు పొడిచి వాడి చేతికిచ్చారు.

"చెయ్యి బాగా చాపి, ఇందులోంచి ఆ బల్బును చూడు నాయనా."

చూశాడు.

"ఎలా ఉంది?"

"ఆరుతూ వెలుగుతోంది మాస్టారూ."

"అయ్యో, బల్బు పోయినట్టుంది. ఆ పక్కది చూడు."

పక్కదీ అంతే. కిరీటి అట్టముక్క వంక చూశాడు. చాపిన చెయ్యి వణుకుతోంది, దాంతోపాటే చిల్లూ కదులుతోంది.

భూమి నీడలోకి వెళ్ళిన ప్రతిసారీ ఆ చలికి ఉపగ్రహం వణుకుతోందేమోనని వాడికి ముందే అనుమానం. అనుమానం ఉండీ సాక్షిని తీసేశాడు. అనుమానం ఉండీ అడిగిన పిల్లను నవ్వులపాలు చేశాడు. ఛీ, అనిపించింది.

మాస్టారు హాలు తలుపు తీశారు.

"గ్రహం లేదండీ," అన్నాడు కిరీటి అందరి ముందూ నిలబడి. "నేను చేసిన భాగం వణికింది. మెహర్ నిన్ననే పట్టుకుంది. నేనే ఎగతాళి చేశాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

వాడు లడ్డూల డబ్బాను బల్ల కిందికి తోసేస్తుంటే మాస్టారు చూశారు.

"తెచ్చావుగా, పంచు."

కిరీటి ముందుగా మెహర్ దగ్గరికే వెళ్ళాడు. తలెత్తి చూడలేకపోయాడు. చేతుల్లో డబ్బా గడగడలాడుతోంది.

మెహర్ అవతలి వైపు నుంచి ఒక చేత్తో డబ్బాను పట్టుకుంది. కదలడం ఆగాక, రెండో చేత్తో లడ్డూ తీసుకుంది.