కోట చుట్టూ నిలబడినోళ్ళు

దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కాళ్ళమీదికి లాక్కో. ఇక చెబుతున్నా, ఊఁ కొట్టు.

అనగా అనగా ఒక కొండ. కొండమీద పాడుబడ్డ కోట. కోట కింద చిన్న పల్లె.

కోట గోడలు ఎప్పుడో కూలిపోయాయి. దాని చుట్టూ పాతిన కర్రల కంచె మాత్రం నిలిచే ఉంది. ఎండకీ వానకీ వెలిసిపోయి కర్రలన్నీ బూడిదరంగుకి తిరిగాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాస్త గూని. వాటిమీద గురివింద తీగ అల్లుకుని, పిట్టలు వాలి, ఎంత ముచ్చటగా ఉండేదో!

కానీ పల్లెవాళ్ళు దాన్ని కంచె అనేవాళ్ళు కాదు. 'నిలబడినోళ్ళు' అనేవాళ్ళు. ఎందుకంటే, వెనకటికి ఆ కోటమీద యుద్ధం జరిగింది. కోట చుట్టూ కాపలా నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే పడిపోయారు. అప్పుడు వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి, ఎవరు పడినచోట వాళ్ళకోసం ఒక కర్ర పాతారు. అదీ ఆ కంచె. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఆ పల్లెలో నరసమ్మ అని ఒక అమ్మాయి ఉండేది. మొగుడు పోయాడు. ఇంట్లో అత్త పోలమ్మ, కూతురు బుల్లి, ఒక మేక. అంతే.

ఒక ఏడు వాన పట్టుకుంది. పట్టుకుంటే వదల్లేదు. పొయ్యిలోకి ఎండుపుల్ల లేదు. బుల్లికి చలిజ్వరం వచ్చి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నరసమ్మ గొడ్డలి తీసింది.

"నిలబడినోళ్ళ జోలికి మాత్రం పోకే," అంది పోలమ్మ.

"పిల్ల వణికిపోతోందత్తా," అంది నరసమ్మ. వెళ్ళింది. కంచెలో ఒక కర్ర పీకేసి తెచ్చింది.

అంత వానలోనూ ఆ కర్ర లోపల పొడిగా ఉంది. చక్కగా మండింది. కానీ మండుతున్నంతసేపూ ఎవరో నిట్టూర్చినట్టు హా... హా... అని చప్పుడు. పోలమ్మ మంట దగ్గరికి రాలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ వెచ్చదనానికి బుల్లి జ్వరం మాత్రం తగ్గింది.

మర్నాడు సందెవేళకి మేక కనపడలేదు. నరసమ్మ వెతుక్కుంటూ కొండెక్కింది. కర్ర పీకిన సందులో మేక నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ దగ్గరికి పెట్టుకుని, బయటివైపు చూస్తూ. కళ్ళల్లో వాన పడుతున్నా రెప్ప వెయ్యడం లేదు. నరసమ్మ తాడు కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చింది. మేక వచ్చింది గానీ, ఇంక అరవలేదు.

అప్పుడు నరసమ్మకి భయం పట్టుకుంది. ఒక వేపమాను కొట్టి, నున్నగా చెక్కి, పసుపు రాసి ఆ సందులో పాతింది. తెల్లారి వెళ్ళి చూస్తే మాను బయటికి విసిరేసినట్టు పడి ఉంది. సందు సందులాగే ఉంది.

ఆ తర్వాత ఏమైందనుకున్నావ్? ఆ సాయంత్రం బుల్లి కనపడలేదు.

నరసమ్మ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. సందులో బుల్లి! చేతులు ఒంటికి ఆనించుకుని, నిటారుగా, బయటికి చూస్తూ.

"బుల్లీ! నా తల్లీ! రా!"

బుల్లి పలకలేదు. లాగితే కదల్లేదు. నరసమ్మ పిల్ల పాదాలు పట్టుకుని చూసింది. మోకాళ్ళదాకా చల్లగా ఉన్నాయి. చర్మం బెరడులా గరుకుగా తగిలింది.

నరసమ్మ బురదలో కూలబడి, "కర్ర తీసింది నేను! దీన్ని వదలండి, నేను నిలబడతా!" అని అరిచింది. బుల్లి పక్కనున్న కర్రలు రెండూ కిర్రుమంటూ కొంచెం జరిగాయి, ఇంకొకరికి చోటిచ్చినట్టు.

నరసమ్మ లేచింది. అంతలో వెనకనుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. పోలమ్మ. తడిసి ముద్దయిపోయింది, ఆయాసపడుతోంది.

"పక్కకి జరుగు," అంది.

"అత్తా, వద్దు!"

"నువ్వు కాల్చింది మా తాతనే. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని చూపించేది. ఇది మా పుట్టింటివాళ్ళ చోటు. పిల్లకి తల్లి కావాలి, జరుగు."

పోలమ్మ వెళ్ళి బుల్లి పక్కన నిలబడింది. పిల్ల తలమీద చెయ్యి వేసింది. బుల్లి ఒక్కసారి రెప్పలాడించి, బేరుమని ఏడ్చి తల్లిమీద పడిపోయింది.

"పొయ్యిమీద గంజి ఉంది. వేడిగా పట్టు దానికి," అంది పోలమ్మ. అదే ఆమె ఆఖరి మాట. చేతులు కిందికి దించుకుంది. బయటివైపు తిరిగింది. గాలికి ఎగురుతున్న ఆమె కొంగు మెల్లమెల్లగా ఆగిపోయింది.

నరసమ్మ పిల్లని హత్తుకుని ఏడుస్తూ కొండ దిగింది. తెల్లారి వచ్చి చూస్తే సందు లేదు. అక్కడ ఒక కర్ర ఉంది, నడుము దగ్గర కాస్త వంగి.

వాన వెలిసింది. బుల్లి కోలుకుంది, పెద్దదయింది. నరసమ్మ రోజూ పొద్దువాలేవేళ ఆ కర్రకి ఆనుకుని కూర్చుని, ఇంట్లో ఏం వండిందో, బుల్లి ఏం అల్లరి చేసిందో చెప్పేది. వాన మొదలైతే గొంగళి తెచ్చి దానిమీద కప్పేది.

ఇప్పుడు కోట చూడ్డానికి పట్నంనుంచి జనం వస్తారు. "అబ్బ, పాతకాలం కంచె ఎంత బావుందో!" అని ఆనుకుని ఫొటోలు తీసుకుంటారు. కర్రలన్నీ చల్లగానే ఉంటాయి. ఒక్కదానికి ఆనుకున్నవాళ్ళు మాత్రం ఉలిక్కిపడి వెనక్కి చూస్తారు. అది వెచ్చగా ఉంటుంది తల్లీ, అచ్చం మనిషి వీపులా.

కంచికి పోయే కథ కాస్తా కంచె కాడే ఆగింది,
ఊఁ కొట్టే పిల్ల కాస్తా ఒళ్ళో ఒరిగి తూగింది.